నాలుగు దారుల దగ్గర హెకా

మా సాక్సన్ల భాషలో ప్రేమించడానికీ, విడుదల చేయడానికీ ఒకటే మాట. స్నేహితుడన్న మాటా ఆ వేరు నుంచి పుట్టిందే. అయినవాళ్లే స్వతంత్రులు, బానిస ఎవరికీ ఏమీ కాడు అనుకున్న రోజుల్లో కట్టిన మాటలట అవి. వినడానికి బాగానే ఉంటుంది. ఆ రెండు పనులూ ఒక్క పూటలో చేయవలసి వచ్చిన నాకు మాత్రం అవి ఒకటిగా అనిపించలేదు.

హెకా మా పొలం దున్నే బానిస. కరువులో, తిండి దొరుకుతుందని, ఎనిమిదేళ్ల వాణ్ణి మా మామగారికి అప్పగించి అతని తల్లి ఉత్తరానికి వెళ్లిపోయింది. నాలుగేళ్ల కిందట మా ఆయన పోయాక పొలంతో పాటు హెకా కూడా నా సొత్తయ్యాడు. నాకు కావలసింది అలా కాదు. అతనంటే నాకు ప్రాణం. ఆ మాట నోరు తెరిచి చెబితే అది యజమానురాలి ఆజ్ఞ అవుతుంది. “అలాగే అమ్మగారూ” అంటాడు, అంతే. ఆ జవాబు నేను భరించలేను.

మా ఊరి పద్ధతి ఒకటుంది. నాలుగు దారులు కలిసే చోట, సాక్షి ముందు బానిస చేతికి ఈటె ఇచ్చి “దారులన్నీ నీవే” అనాలి. అతను కనుమరుగయ్యేదాకా యజమాని పిలవకూడదు. పిలిస్తే విడుదల చెల్లదు.

“అక్కా, ఇంకా మించిపోలేదు,” అన్నాడు సాక్షిగా వచ్చిన తమ్ముడు బాడా. “వీడు పోతే దుక్కి ఎవరు దున్నుతారు, నేనా? నా నడుం సంగతి నీకు తెలుసుగా!”

“నోర్మూసుకోరా.”

“వాడికి అమ్మ గుర్తొచ్చిందంటే ఉత్తరం దారి పడతాడు. నువ్విక్కడ నిలబడి ఏడవాల్సిందే.”

నా భయమూ అదే. అయినా ఈటె అందించి, చెప్పవలసిన మాట చెప్పాను.

హెకా నాలుగు వైపులా చూసి, చివరికి నా వైపు చూశాడు. ఏం చేయమంటారు అని అడిగే చూపు. పిలుపు నోటిదాకా వచ్చింది. పెదవి కొరుక్కున్నాను. అతను తల దించుకుని ఉత్తరం దారి పట్టాడు.

“పిలువక్కా!” బాడా గొంతు మారిపోయింది. “చెల్లకపోతే పోయింది, వెళ్లిపోతున్నాడే!”

నేను పిలవలేదు. కళ్లు మసకబారాయి.

మలుపు దగ్గర హెకా ఆగాడు.

“టిడ్‌బుర్!”

ఇన్నేళ్లలో నా పేరు అతని నోట ఎన్నడూ వినలేదు.

“అమ్మ బతికుందేమో చూడాలి. ఒక్కణ్ణే వెళ్లాలంటే భయంగా ఉంది. నువ్వూ వస్తావా?”

పిలవకూడదన్నది నాకే గానీ అతనికి కాదుగా! పరుగెత్తాను.