మూడొద్దుల మైల

"మూడొద్దులయిపాయె గద వినీతా, ఇగ తలకు పోస్కోని పొయ్యి కాడికి రా," అన్నది మా అత్తమ్మ. మా అమ్మ పోయిన నాలుగో నాడు. మోమిన్‌పేట్‌ల మా అన్న ఇంకా మైలల్నే ఉన్నడు. పదకొండో దినం దాంక ఆయన చాప మీద కూసుంటడు, ఊరోల్లంత వచ్చి భుజం మీద చెయ్యేస్తరు. నేను మాత్రం తాండూరుల జొన్నరొట్టెలు చేస్తున్న. పెండ్లయిన బిడ్డకు తల్లి మైల మూడొద్దులేనట. గోత్రం మారిందట. కని పెంచిన తల్లికి గోత్రం చూసి ఏడ్వాల్నా? గీ పద్ధతి ఎవలు పెట్టిన్రో గని, వాళ్లకు ఆడబిడ్డలు లేకుండెనేమో.

పోయినేడు మా మామ పోయినప్పుడు సంగతి వేరే. అప్పుడు నాకు కండ్లల్ల నీళ్లు రాకుంటే మా అత్తమ్మ చెవుల చెప్పింది: "జర గట్టిగ ఏడ్వవే, చుట్టాలు జూస్తున్నరు." ఏడ్చిన. మామ మంచోడే, ఆయన కోసం ఏడ్చిందాంట్ల అబద్ధమేం లేదు. దినాలయ్యేదాంక కింద పండుకున్న, వచ్చినోల్లందరికీ చాయ్ పోసిన, కోడలంటే గిట్లుండాలె అన్నరు. అదే కోడలు అమ్మ కోసం ముక్కు చీదితే ఇల్లంత పరేషాన్.

మాది దుకాణమున్న ఇల్లు. ముందర కిరాణం, యెనక మేము. బోణి గాకముందు ఏడిస్తే బేరం పోతదట. శుక్రారం ఏడిస్తే లచ్చిమి పోతదట. దీపం ముట్టించినంక ఏడిస్తే అరిష్టమట. మరి ఎప్పుడేడ్వాలె? మధ్యాహ్నం ఏడుద్దామంటే ధనరాజ్ అన్నానికొస్తడు. నా మొగడు చెడ్డోడు గాదు. ఎన్నడు చెయ్యెత్తలే. గంత దానికే నన్ను అదృష్టవంతురాలంటరు అందరు. "అందరి తల్లులు పోతరు వినీతా, నీ ఒక్కదానికేనా?" అని ఒకసారి, "పప్పుల ఉప్పెక్కువైంది" అని ఒకసారి, రెండు ఒక్క తీర్గనే అంటడు. బాత్రూంల నల్లా ఇప్పుకొని ఏడిస్తే అత్తమ్మ తలుపు కొట్టేది, ట్యాంకి ఖాళీ ఐతదని.

మధ్యాహ్నం గిన్నెలు తోమే యాల్లకు అమ్మ ఫోన్ చేసేది. "తిన్నవా బిడ్డా?" అనేది. నేను తిన్ననా లేదా అని అడిగే మనిషి నాకు ఆమె ఒక్కతే. నాయన పోయినంక మోమిన్‌పేట్‌ల గాజుల దుకాణం ఒక్కతే నడిపింది. అరువు అడగొచ్చిన మగోల్లను నవ్వుకుంటనే తిట్టి పంపేది. గసొంటి మనిషి పోయింది. ఇప్పుడు గా యాల్లకు గిన్నెల్ల నా చేతులు ఆగిపోతున్నయ్. అన్నం గొంతు దిగుతలేదు. పాలు పొంగి పొయ్యి ఆరినా సోయి ఉంటలేదు. ఇట్లనే ఉంటే నేను గూడ పోత అనిపిచ్చింది. నిజంగనే భయమైంది.

మా యెనక గల్లీల జబీన్ చీరెలకు ఫాల్ కుడుతది. ఒకనాడు చీరె ఇయ్యనీకె పోతే నా మొకం చూసి కుట్టుడు ఆపింది. "అక్కా, నువ్వు ఇంకా ఏడ్వలే గదా?" అన్నది. ఆమె మొగడు మునీర్ పోయి రెండేండ్లాయె.

"మొగడు పోతే మాకు ఇద్దత్ ఉంటది గదక్కా, నాలుగు నెలల పది దినాలు ఇంట్లనే కూసోవాలె," అన్నది. "గప్పుడు ఇంటి నిండ మనుషులే. అది దాటినంక ఒక్కరు తొంగి చూడలే. పానం పోతదేమో అనిపిచ్చింది. అప్పుడు వికారాబాద్ దవాఖానల కౌన్సెలింగ్‌కు పోయిన. సొంతోల్లు పోయినోల్లమంత బుధవారం బుధవారం కూసుంటం. రా అక్కా. ఫికర్ చెయ్యకు, పక్కన నేనుంట."

బస్సు దిగేదాంక వాపస్ పోదామనే ఉండె నాకు. పిచ్చోల్ల రూమనుకున్న. చూస్తే నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను. కౌన్సెలింగ్ చేసే ఇక్రా మేడం నాకంటే చిన్నది. ధైర్యంగుండు అనలే, దేవుడున్నడు అనలే. "మీ అమ్మ పేరేంది?" అన్నది. ఓయమ్మా, పేరు! అప్పటిదాంక తాండూరుల అందరు "ధనరాజ్ అత్త పోయిందట" అన్నోల్లే. "వసంతమ్మ" అన్న. ఇగ ఆగలే. కొంగు తడిసేదాంక ఏడ్చిన. ఊకో అన్నోల్లు ఒక్కరు లేరు. పెండ్లాం పోయిన చంద్రప్ప తాత కోట్‌పల్లి కెల్లి వస్తడు, ఆయన నీళ్ల సీసా నా దిక్కు జరిపి తను గూడ కండ్లు తుడుచుకున్నడు. "ఏడ్సుడు రోగం గాదు. ఏడ్వనియ్యకుంటెనే రోగమొస్తది," అన్నది మేడం. గా పొద్దు ఇంటికొచ్చి కడుపునిండ తిన్న.

ధనరాజ్‌కు తెలిసింది. "పిచ్చి దవాఖానకా? దుకాణంల నేను తలెత్తుకోవాల్నా వద్దా?" అన్నడు. ఆఖరికి బేరం కుదిర్చిండు: పో గని, ఎవలన్న అడిగితే పంటి నొప్పి అని చెప్పు. సరే అన్న. కొట్లాడే ఓపిక లేక సరే అన్న.

ఒక మంగళారం అత్తమ్మ చెల్లెలు, మా చిన్నత్తమ్మ, బీదర్ కెల్లి నలుగురు చుట్టాలను ఎంటేసుకొని వచ్చింది. రేపు గూడ ఉండి పొమ్మని అత్తమ్మ అంటే, "బుధవారం వినీతకు వికారాబాద్‌ల పని ఉంటది. శానా వారాల సంది పన్ను బాగలేదు," అన్నడు ధనరాజ్. చిన్నత్తమ్మ పక్కున నవ్వింది. "ఇన్ని వారాల సంది ఒక్క పన్నేనా? తాండూరుల పండ్ల డాక్టర్లు లేరానె?" అందరు నవ్విన్రు. మా అమ్మ సావు మీద కూసోని నవ్వినట్టే అనిపిచ్చింది నాకు. చాయ్ పళ్లెం కింద పెట్టిన.

"నా పండ్లన్ని మంచిగనే ఉన్నయ్ చిన్నత్తమ్మా. మా అమ్మ వసంతమ్మ పోయింది. ఆమె కోసం ఏడ్వనీకె, ఆమె ముచ్చట్లు చెప్పుకోనీకె పోతున్న. రేపు గూడ పోత."

లోపలికొచ్చినంక ధనరాజ్ పండ్లు కొరికిండు, "నలుగురిల నా ఇజ్జత్ తీసినవ్" అని. "మీ నాయన కోసం నలుగురిల ఏడిస్తే ఇజ్జత్ పెరిగింది గదా. మా అమ్మకు ఏడిస్తే ఎట్ల పోయింది?" అన్న. ఆయన జవాబు కోసం నేను ఆగలే. నా ఛాతి నిండింది. దొంగతనంగ ఏడ్సిన నేను మా అమ్మ పేరు నడింట్ల నిలబడి చెప్పిన. వసంతమ్మ బిడ్డనని గర్వమనిపిచ్చింది, మస్తు గర్వమనిపిచ్చింది.

తెల్లారి అందరికీ వండి మూతలు పెట్టి, మంచి చీరె కట్టుకొని బయలెల్లిన. అత్తమ్మ గుమ్మం కాడ అడ్డంగ నిలబడ్డది. తిడుతదనుకున్న. నేను గూడ తయ్యారుగనే ఉన్న. ఆమె దుకాణం దిక్కు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"మా అమ్మ పోయినప్పుడు ధనరాజ్ నా కడుపుల ఉండె. కడుపుతోని ఉన్నదాన్ని పీనుగును చూడొద్దన్నరు. ఆఖరి సారి మొకం గూడ చూడలేదే," అన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "గంత పాత ఏడుపు గూడ వింటరా ఆడ?"