దీవెన చెప్పిన సాక్ష్యం

కాలేజీ నుంచి ఫోను వచ్చినప్పుడు నేను చేపల చెరువులో ఉన్నాను. పడవ మీద నిలబడి మేత సంచులు గెడలకి కడుతున్నాను. అవతల ప్రిన్సిపాల్ సంపూర్ణమ్మగారు.

"దీవెన వాళ్ళ నాన్నగారేనా అండీ? అమ్మాయి మళ్ళీ పడిపోయింది. ఒకసారి వచ్చి వెళ్ళండి."

గుడివాడలో బస్సెక్కి విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర దిగాను. దీవెన ఆఫీసు గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. నుదుటి మీద బొప్పి కట్టింది. కళ్ళల్లో మాత్రం తడి లేదు.

"షుగరు పేషెంటు కాలికి కట్టు మారుస్తూ పడిందండీ" అన్నారు సంపూర్ణమ్మగారు. "ఆ పెద్దాయనే మంచం దిగి ఈ పిల్ల మొహాన నీళ్ళు చల్లాడు. పేషెంట్లు లేచి నర్సుల్ని చూసుకుంటే ఎలాగండీ?"

డాక్టర్లు అన్నీ చూశారట. గుండె బాగుంది, తల బాగుంది. రక్తం కంటబడితే బీపీ ఒక్కసారిగా దిగిపోతుంది. కడుపు మాడ్చుకున్నా, ఉక్కలో ఎక్కువసేపు నిలబడ్డా అంతే. దానికి మందు లేదు. సోమవారం నుంచి ఆపరేషన్ థియేటర్లో డ్యూటీ.

"అక్కడ పడితే నేను ఉంచలేనండీ. ఈ నాలుగు రోజులూ ఇంట్లో కూర్చుని ఆలోచించుకోండి."

తిరుగు బస్సులో దీవెన కిటికీ పక్కన కూర్చుంది. కంకిపాడు దాటాక నోరు విప్పింది.

"నేను మానను నాన్నా."

నేను సరే అనలేదు. వద్దనీ అనలేదు.

శుక్రవారం మా మందిరంలో ఉపవాస ప్రార్థన. మా ఆవిడ సువార్తమ్మ పిల్లకి పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టలేదు. మందిరం అంటే రేకుల షెడ్డు. కరెంటు పోయింది. అందరం నిలబడి ఉన్నాం. పాస్టరు జాన్సన్ అయ్యగారు వరసగా తలల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకుంటూ వచ్చి దీవెన దగ్గర ఆగారు. ఆయన గొంతు పెంచారో లేదో, పిల్ల నరికిన అరటిబోదెలా ఒరిగిపోయింది.

"స్తోత్రం!" అని షెడ్డు అదిరింది.

మా సంఘంలో అయ్యగారి చేతికింద పడడాన్ని పడడం అనరు. ఆత్మ దిగిందంటారు. మీద తెల్లదుప్పటి కప్పుతారు, ఎవరూ లేపరు. నేను మాత్రం వెళ్ళి దాని కాళ్ళు ఎత్తి నా తొడ మీద పెట్టుకున్నాను. అలా చేస్తే తొందరగా తెలివి వస్తుందని బస్సులో దీవెనే చెప్పింది.

ముసలి అమలమ్మ మా ఆవిడని వాటేసుకుంది. "ఒసేయ్ సువార్తా, నీ కడుపు పండిందే! నీ కూతురు దేవుడి సేవకురాలవుద్ది."

సువార్తమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆసుపత్రిలో పడ్డదని నిన్నంతా సిగ్గుతో చచ్చిన మనిషి, మందిరంలో పడ్డదని తల పైకెత్తింది. అయ్యగారికీ అదే తోచింది. ఆదివారం అందరి ముందూ నూనె పోసి ప్రతిష్ఠ చేద్దాం, తరవాత ఏలూరు బైబిలు స్కూలుకి పంపుదాం అన్నారు. ప్రతిష్ఠ అంటే దేవుడికిచ్చిన మాట. ఆ మాట తప్పిన ఇల్లు మా పేటలో లేదు.

ఇంటికొచ్చాక మొదలైంది.

"ఆత్మ కాదమ్మా. కడుపులో మెతుకు లేదు, నెత్తిన ఫ్యాను లేదు, అంతసేపు నిలబెట్టారు. గేదె అయినా పడుద్ది."

"నోర్ముయ్యి. పడ్డదానివి నువ్వు, చూసినోళ్ళం మేము. నీకేం తెలుసు?"

"మరి ఆసుపత్రిలో పడ్డా కదా. ఆ పుండు మీదకి కూడా ఆత్మే దిగిందా?"

"అక్కణ్ణుంచి లాక్కొస్తన్నాడే దేవుడు! నీకు చెవులున్నాయి గానీ వినికిడి లేదు." సువార్తమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేమంటావయ్యా? బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావు."

"పడ్డది చూశాను. ఎందుకు పడ్డదో అదే చెప్పాలి" అన్నాను.



శనివారం దీవెన పెరట్లో గోడకి ఫోను ఆనించి పెట్టింది. అందులో ఎవరిదో కడుపు కోస్తున్నారు. పిల్ల దాని ముందు నిలబడి, ఒక కాలి మీద ఇంకో కాలు మెలేసి, తొడలు బిగించి, పిడికిళ్ళు బిగించింది. అలా బిగిస్తే నెత్తురు కాళ్ళల్లోకి జారిపోకుండా తలకి ఎక్కుతుందని డాక్టరు చెప్పాడట. కాసేపటికి పెదాలు పాలిపోయాయి. నేల మీద కూలబడింది. లేచింది. మళ్ళీ మెలేసింది.

"ఏంటే అది, ఉచ్చ ఆపుకుంటున్నట్టు?" అంది వాళ్ళమ్మ.

"డ్యూటీ నేర్చుకుంటున్నా."

మధ్యాహ్నం నేను చెరువు నుంచి వచ్చేసరికి కూడా అక్కడే ఉంది. జాకెట్టు చెమటకి తడిసి అంటుకుపోయింది. ఈసారి వీడియో చివరిదాకా నిలబడింది.

ఆదివారం ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షరసం పంచుకునే రోజు. బల్ల తీసుకునేదాకా మా సంఘంలో ఎవరూ ఏమీ తినరు. దీవెన మందిరానికి పోయే దారి పక్కనే, మా అరుగు మీద కూర్చుని, పెరుగు కలుపుకున్న చద్దన్నం తిన్నది. పచ్చిమిరపకాయ కూడా కొరికింది. తెల్లచీరలు కట్టుకున్న ఆడవాళ్ళందరూ చూసుకుంటూ పోయారు.

అమలమ్మ ఆగింది. "అదేంటే, బల్ల రోజున తింటన్నావు?"

"ఈ పూట నేను బల్ల తీసుకోను అవ్వా. తినకపోతే పడతా. పడితే మళ్ళీ స్తోత్రం అంటారు."

"హవ్వ!" అని అమలమ్మ నోరు నొక్కుకుంది.

మందిరంలో అయ్యగారు నూనె సీసా పట్టుకుని దీవెనని ముందుకి పిలిచారు. దీవెన వెళ్ళింది.

"అయ్యగారూ, ముందు సాక్ష్యం చెప్పుకుంటానండీ."

సాక్ష్యం చెబుతానన్న మనిషిని ఆపడం మా సంఘంలో లేదు. తాగుబోతు చెప్పినా, దొంగ చెప్పినా, అయ్యేదాకా అందరూ వినాలి. పిల్లకి ఆ సంగతి తెలుసు.

"నేను పడిపోతానండీ" అని మొదలుపెట్టింది. "ఎక్కడైనా పడతా. బడిలో సూదేస్తే పడ్డా. ఆసుపత్రిలో పడ్డా. మొన్న ఇక్కడా పడ్డా. అదంతా ఒకటే పడడం. అక్కడ పడితే పనికిరానిదాన్ని, ఇక్కడ పడితే సేవకురాల్నా? దేవుడు పిలిస్తే నిలబెట్టి పిలుస్తాడు గానీ పడేసి పిలవడు. నర్సు పని నేను కోరుకున్నా. ఇప్పుడు చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యండి. పడితే ఏలూరు పోతా. పడకపోతే రేపు బస్సుకి విజయవాడ పోతా."



"ప్రభువుని శోధించకూడదమ్మా" అన్నారు అయ్యగారు మెల్లగా.

"శోధన నాకేనండీ. ప్రభువుకి కాదు."

ఆయన నూనె సీసా మూత బిగించి పక్కన పెట్టారు. చెయ్యి పెట్టారు. మొదలుపెట్టారు. ఆడవాళ్ళు చప్పట్లు అందుకున్నారు. సువార్తమ్మ అందరికంటే గట్టిగా ప్రార్థన చేసింది, కళ్ళు మాత్రం తెరిచే ఉంచింది. చీర కుచ్చిళ్ళ కింద దీవెన కాళ్ళు మెలిపడి ఉండడం నాకు కనిపిస్తోంది. పిడికిళ్ళు బిగిశాయి. పైపెదవి మీద చెమట పట్టింది. మొహం సున్నం కొట్టినట్టయింది. ఒకసారి ఊగింది. దుప్పటి పట్టుకున్న ఆడమనిషి ముందుకి అడుగేసింది. దీవెన దవడ బిగించి, మళ్ళీ నిటారుగా అయింది. అయ్యగారి గొంతు బొంగురుపోయింది.

"ఆమేన్" అన్నారాయన.

"ఆమేన్!" అంది దీవెన.

అయ్యగారు చెయ్యి తీసి, మొహం తుడుచుకుని నా వైపు చూశారు. "జాన్‌బాబూ, ఈ పిల్ల నా చేతికింద పడే రకం కాదు. బస్సెక్కించు" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

సోమవారం సాయంత్రం దీవెన దగ్గర్నుంచి ఫోను వచ్చింది. సువార్తమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి నా చేతిలోంచి లాక్కుంది.

"పడ్డావా?"

"పడలా. కళ్ళు తిరుగుతున్నట్టుంటే చెప్పి, పక్కకొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నా. సర్దుకున్నాక మళ్ళీ పోయి నిలబడ్డా."

"అంతమంది ముందు కింద కూర్చున్నావా? సిగ్గులేదటే?"

"లేదు."

"రేపూ కూర్చుంటావా?"

"కూర్చోవాల్సొస్తే రోజూ కూర్చుంటా. కూర్చున్న ప్రతిసారీ లేస్తా. ఇంకో కేసు తెస్తున్నారమ్మా, నన్ను పిలుస్తున్నారు."

ఫోను పెట్టేసింది. సువార్తమ్మ ఫోను నా చేతిలో పెట్టి మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది.

"పొగరు" అంది.

"అవును" అన్నాను.