పసుపుపచ్చ గోలీ

ఆర్‌ఎంపీ లక్ష్మీరాజానికి పద్మశాలి సంఘం శాలువా కప్పుతుందని తెలిసిన రోజు కోమల పళ్లు పటపటా కొరికింది. నలభై ఏళ్ల సేవట! ఆ సేవ ఎట్లాంటిదో ఇంట్లో మంచం పట్టిన తన మొగుణ్ని అడిగితే చెప్తాడు.

దేవదాస్ సిరిసిల్లలో సాంచాలు నడిపినవాడు. ఎనిమిది మరమగ్గాల మధ్య పన్నెండు గంటలు కాళ్ల మీద ఉండే పని. తులసిమాల వేసుకున్నాక మాంసం, గుడ్డు ముట్టలేదు. పాలు మొదటి నుంచీ పడవు. ఆయాసమని పోతే రక్తం తక్కువుందంటూ లక్ష్మీరాజం ఐదేళ్లు ఒకటే గోలీ మింగించాడు. పసుపుపచ్చది, ఫోలిక్ యాసిడ్. రక్తం పెరిగింది, అబద్ధమెందుకు! కాళ్లు మొద్దుబారుతున్నాయని మొత్తుకుంటే మాత్రం, "రక్తం మంచిగున్నది, నీకేం రోగం? నేను గూడ రోజూ గదే మింగుత," అని నవ్వి పంపేవాడు.

చివరికి కరీంనగర్‌లో పెద్ద డాక్టరు దేవదాస్‌ను పాదాలు దగ్గర పెట్టి నిలబడి కళ్లు మూసుకోమన్నాడు. మూసుకున్నాడో లేదో, దబ్బున పడ్డాడు. ఒంట్లో లేనిది బీ12, మాంసం, గుడ్డు, పాలల్లో దొరికే విటమిన్. చెదపట్టిన దూలానికి రంగు పూసినట్టు ఆ గోలీ రక్తాన్ని నింపి అసలు లోటును కప్పేసింది. లోపల నరాలు పోతూనే ఉన్నాయి. ముందే ఇంజెక్షన్లు పడితే నడిచేవాడమ్మా, అన్నాడు డాక్టరు. ఆ మాటకు కోమల కడుపు భగ్గుమంది.

వానాకాలంలో ఆమె ఒకటి కనిపెట్టింది. లక్ష్మీరాజం నేల చూసుకుంటూ నడుస్తున్నాడు. మెట్టెక్కబోయి పాదంతో వెతుక్కుంటున్నాడు. రెండేళ్లు మొగుణ్ని పట్టుకు తిరిగిన మనిషికి ఆ నడక తెలియదా? అతనిది ఏళ్లనాటి షుగరు. దానికి వాడే మందు కూడా కొందరిలో బీ12 తగ్గిస్తుందని ఆస్పత్రిలో నర్సు చెప్పింది. దాని మీద రోజూ ఈ పసుపుపచ్చది. ఒక్క మాట చెవిన వేస్తే అతని కాళ్లు నిలబడతాయి. వేయలేదు. మా ఉసురు ఊరికే పోతదా, అనుకుని మూడు నెలలు నోరు కట్టేసుకుంది.

సన్మానం నాడు దేవదాస్‌ను చక్రాల కుర్చీలో సంఘం భవనానికి తెచ్చింది. నాలుగు మాటలు చెప్తానని మైకు అందుకుంది.

"సారూ, శాలువా కప్పే ముంగట జర కాళ్లు దగ్గరికి వెట్టి కండ్లు మూసుకోండ్రి."

"గిదేందమ్మా?" లక్ష్మీరాజం నవ్వాడు.

"మీ గోలీలు మింగినోళ్లకు పెద్ద డాక్టర్ చేసే పరీక్ష. భయమా?"

ఊరంతా చూస్తుంటే భయమని ఎవడంటాడు? మూసుకున్నాడు. ఇటొకసారి, అటొకసారి ఊగి, మెడలో దండలతో సహా కుర్చీల మీద పడ్డాడు.

అబ్బ! కోమల కడుపు చల్లబడింది.

"సూసిండ్రా? నా మొగనికైంది గిదే. రక్తం మంచిగున్నదని కూసోకుండ్రి. గీన గోలీలు మింగినోళ్లందరు బీ12 చూయించుకోండ్రి. గీనకు గూడ జల్ది సూదులేయించుండ్రి."

ఇద్దరు లేపి కూర్చోబెట్టాక లక్ష్మీరాజం పాలిపోయిన ముఖంతో అడిగాడు. "నీకెప్పటిసంది తెలుసు?"

"మూణ్నెల్ల సంది."

"మరి చెప్పకపోతివి?"

"నా మొగడు ఐదేండ్లు చెప్పిండు. నువ్వు ఇన్నవా?"

వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. అప్పుడు దేవదాస్ చక్రాల కుర్చీలోంచి పెళ్లాం వైపు చూశాడు. మెచ్చుకుంటాడనుకుంది కోమల.

"ఆయన తెల్వక చేసిండే," అన్నాడు మెల్లగా. "నువ్వు తెలిసి చేసినవు."

చప్పట్లు ఆగిపోయాయి. కోమల తల దించలేదు.

"అవ్. తెలిసే చేసిన," అంది. మైకులో ఆ మాట అందరికీ వినబడింది.