పొద్దుతిరుగుడు టోపీ

కోటు కుట్టడంలో ఆ మాస్టరుకి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. మెడలో టేపు వేసుకుని, మనిషిని అద్దం ముందు నిలబెట్టి, ఒక్కసారి పైనుంచి కిందికి చూస్తే చాలు, ఎడమ భుజం కుడి భుజం కన్నా ఎంత జారిందో కొలవకుండానే చెప్పేస్తాడు. ఇంత పనితనం ఉన్న మనిషికి ఒకటే జబ్బు, పరువు. చొక్కా నలిగితే పరువు, వీధిలో గట్టిగా నవ్వితే పరువు, భార్య కూరల సంచి పట్టుకోమంటే పరువు. అబ్బబ్బ, ఆ పరువు మోయలేక మనిషి సగం అరిగిపోయాడంటే నమ్మండి.

ఇలాంటివాడికి దొరికిన కుటుంబం చూడండి. మామగారు ముప్పై ఏళ్ళు ఓ పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపాడు. రిటైరై కూతురి ఇంటికొచ్చిన మర్నాడే, "బతుకంతా పైకీ కిందకీ తిరిగానమ్మా, పక్కకి ఒక్క అడుగు వెయ్యలేదు" అని వాపోయి, ఓ ఆట కనిపెట్టాడు. ఆదివారం పొద్దున్నే అందరూ బస్టాపుకి పోవాలి. మొదట ఏ బస్సొస్తే అది ఎక్కి ఆఖరి స్టాపులో దిగాలి. దీనికాయన పెట్టిన పేరు దండయాత్ర.

"ప్రతి ఆఖరి స్టాపులోనూ దేవుడు మనకోసం ఏదో ఒకటి దాచిపెడతాడు. వెళ్ళి తెచ్చుకోవడం మన పని" అంటాడు ముసలాయన. తిరుగు బస్సులో ఒక్కొక్కరూ ఆ రోజు దొరికినదాని పేరు చెప్పి దేవుడికి దండం పెట్టుకోవాలి. ఆగిపోయిన గడియారంలో గూడు కట్టిన పిచ్చుక, ఒంటికాలి మీద నిద్రపోతున్న బాతు, బొగ్గుతో గోడ నిండా తిమింగలం గీసిన వాచ్‌మన్, ఇవన్నీ అలా దొరికినవే. దారిలో కిటికీలోంచి వింత కనిపిస్తే గట్టిగా అరిచి చూపించాలన్నది ఇంకో రూలు. ఈ ఆటలో మాస్టరు భార్య, పక్కింటి నర్సు, తొమ్మిదేళ్ళ కూతురు ఒకరిని మించినవారొకరు. కూతురి ముద్దుపేరు బొత్తాం. పాకే వయసులో నేల మీద దొరికిన కోటు బొత్తాం మింగి మూడు రోజులు ఇంటిల్లిపాదినీ హడలగొట్టింది లెండి. తాతయ్య దేవుడు దాచిపెట్టాడంటే ఆ పిల్లకి అది వేదవాక్కు.

మాస్టరు కూడా వెళ్ళేవాడు. కాకపోతే రెండు వరసలు వెనక కూర్చునేవాడు. "ఇక్కడ గాలి బాగా వస్తుంది" అని సాకు. ఒక్కనాడూ నోరు తెరిచి అరవలేదు.

ఓ వారం భార్య ఓ హోటలుకి కర్టెన్లు కుట్టగా గుడ్డ మిగిలింది. పసుప్పచ్చగా, పళ్ళెమంతేసి పొద్దుతిరుగుడు పూల గుడ్డ. దానితో అందరికీ టోపీలు తయారయ్యాయి. నాలుగు అమ్మ కుట్టింది, అయిదోది బొత్తాం కుట్టింది. మిషను మీద అది పట్టిన మొదటి పని. నాన్న కోసం. కుట్టు కాసేపు తూర్పుకీ కాసేపు పడమరకీ పోయింది. తెచ్చి చేతిలో పెట్టి, పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడింది. మాస్టరు దాన్ని కస్టమరు వెనక్కిచ్చిన కోటులా తిప్పి చూశాడు.

"కుట్టు వంకర పోయిందే" అని జేబులో కుక్కుకున్నాడు. "ఎండొచ్చాక పెట్టుకుంటాలే."

ఎండ బస్సెక్కకముందే వచ్చింది. టోపీ మాత్రం జేబు దాటలేదు.

నాలుగు పూల టోపీలూ ముందు వరసల్లో కూర్చున్నాయి. మాస్టరు వెనక. మూడో స్టాపులో ఎవరెక్కారనుకున్నారు? జడ్జి గారు! మాస్టరు చేతి కోటు తప్ప ఇంకోటి తొడగని మనిషి. కారు చెడిపోయిందట. నేరుగా వచ్చి మాస్టరు పక్కనే కూర్చున్నారు.

"ఏం మాస్టారూ, ఒక్కరే బయల్దేరారా?"

"ఆఁ... ఒక్కణ్ణే సార్" అనేశాడు. ఎందుకన్నాడో అతనికే తెలీదు. నోరు దానంతటదే అనేసింది.

సరిగ్గా అప్పుడే ముసలాయన లేచి నిలబడి, "ఏనుగు! ఏనుగు!" అని కేక పెట్టాడు. మబ్బులో ఏనుగుట. నర్సు చప్పట్లు కొట్టింది. భార్య పగలబడి నవ్వింది. బస్సంతా అటు తిరిగింది.

జడ్జి గారు కూడా నవ్వారు. "ఎవరండీ ఈ పిచ్చిమేళం? మీకేమైనా తెలుసా?"

"అబ్బే, ఎవరో సార్. తెలీదు" అన్నాడు మాస్టరు. అని ఊరుకుంటే ఎలాగో పోయేది. ఓ వెకిలి నవ్వు కూడా నవ్వాడు.

నవ్వు ముగించి తలెత్తేసరికి ఎదురుగా బొత్తాం. సగం విరిచిన బిస్కెట్టు పట్టుకుని చెయ్యి చాచి ఉంది. దాని సగం అది తిని, నాన్న సగం నాన్నకివ్వడానికి వచ్చింది. అంతా వింది. జడ్జి గారిని చూసింది, నాన్నని చూసింది. చాచిన చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుంది.

"సారీ అంకుల్. మా నాన్న అనుకున్నా" అంది.

వెళ్ళిపోయింది.

తల తీసేసినట్టయింది మాస్టరుకి. కోపగించుకుని అన్న మాట కాదది, చూశారా, అదీ బాధ. నాన్న అబద్ధం బయటపడకుండా కాపాడింది ఆ పసిది! "ముద్దుగా ఉంది పిల్ల" అన్నారు జడ్జి గారు. మాస్టరు తలాడించాడు. చెవులు కాలిపోతున్నాయి. జడ్జి గారు దిగిపోయాక కూడా ముందు వరసలోకి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

ఆఖరి స్టాపులో ఓ పాత షెడ్డు, దాని కింద తుప్పు పట్టిన గంట. అక్కడి ముసలి డ్రైవరు అందరి చేతా ఆ గంట కొట్టించాడు. మామగారి సంబరం అంతా ఇంతా కాదు. తిరుగు బస్సులో దండాలు మొదలయ్యాయి. నర్సు గంటకి పెట్టింది, భార్య డ్రైవరు బోసినవ్వుకి పెట్టింది. బొత్తాం వంతు వచ్చింది.

"నాకేం దొరకలేదు తాతయ్యా."

"అదేంటమ్మా! నీకు దొరక్కపోవడమేంటి?"

"వెతికాను. లేదు" అని కిటికీ వైపు తిరిగింది.

ముసలాయన మొహం చిన్నబోయింది. ఏమైందో ఆయనకి అర్థం కాలేదు. అర్థమైనవాడు వెనక సీట్లో కుక్కిన పేనులా కూర్చున్నాడు.

ఆ వారమంతా బొత్తాం తండ్రితో గొడవ పడలేదు, అలగలేదు. అడిగినవన్నీ చేసింది. సూదిలో దారం ఎక్కించమంటే ఎక్కించింది. కానీ 'నాన్నా' అన్న పిలుపు మానేసింది. "అమ్మా, భోజనానికి రమ్మని చెప్పు" అనేది. "పెన్సిలు ఎక్కడుందో చూశారా అండి?" అని ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మన్నన చేసేది. ఒక్కో 'అండి' ఒక్కో చెంపదెబ్బ. పైగా శుక్రవారం పొద్దున తాతయ్యతో, "ఈ వారం నేను రాను, హోంవర్కుంది" అంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి హోంవర్కు మీద ప్రేమ పుట్టుకొచ్చింది పిల్లకి.

ఆ మధ్యాహ్నమే జడ్జి గారు కోటు ట్రయలుకి వచ్చారు. మాస్టరు నోట్లో నాలుగు గుండుసూదులు కరిచి పట్టుకుని కోటు అంచు మడుస్తున్నాడు.

"ఆ బస్సులో పిచ్చిమేళం మళ్ళీ కనిపించిందా మాస్టారూ?"

నోట్లో సూదులున్నాయి, 'ఊఁ' అంటే గండం గట్టెక్కుతుంది. అనబోయాడు. బిస్కెట్టు పట్టుకున్న చెయ్యి కళ్ళ ముందు మెదిలింది. ఒక్కొక్క సూదీ తీసి డబ్బాలో వేశాడు.

"వాళ్ళు నావాళ్ళే సార్. మా ఆవిడ, మా మామగారు, పక్కింటావిడ. ఆ పిల్ల నా కూతురు."

జడ్జి గారు అద్దంలోంచి చూశారు. "మరి ఆ రోజు..."

"సిగ్గేసింది సార్. ఇప్పుడు అంతకన్నా ఎక్కువ సిగ్గేస్తోంది."

జడ్జి గారు గొంతు సవరించుకున్నారు. "అయ్యో, నేను పిచ్చిమేళం అన్నానే" అని ఆయనా నలిగిపోయారు. ఆ తర్వాత ఇద్దరూ భుజం వదులు గురించి మాట్లాడుకున్నారు.

నిజం చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాడు. దిగలేదు. సాయంత్రం ఇంటికొచ్చి భార్యకీ చెప్పాడు.

ఆవిడ మిషను ఆపలేదు. "విన్నాను. వెనక్కి తిరగనంత మాత్రాన చెవులు పనిచెయ్యవా? మా నాన్నకి కాస్త చెవుడు కాబట్టి మీరు బతికిపోయారు."

"మరి నన్ను తిట్టలేదేం?"

"తిడితే మీకు హాయిగా ఉంటుంది కదా" అంది.

ఆదివారం పొద్దున ముసలాయన, "నా కోసం ఒక్కసారి రామ్మా" అని బతిమాలితే బొత్తాం బయల్దేరింది. మాస్టరు జేబులోంచి టోపీ తీశాడు. వారం రోజులు నలిగి ముద్దయింది. ఎవరూ చూడకుండా నెత్తిన పెట్టుకున్నాడు. బిగుతు. చెవుల పైనే ఆగిపోయింది. వీధిలో బడ్డీకొట్టువాడు చూసి నవ్వాడు. మాస్టరుకి మెడ దాకా ఎర్రబడింది, అయినా తీయలేదు.

బస్సులో కండక్టరు ఎన్ని టికెట్లని అడిగాడు.

"అయిదు" అన్నాడు మాస్టరు, అవసరమైనదానికన్నా గట్టిగా. "ఆ పూల టోపీలవాళ్ళంతా నావాళ్ళే."

బొత్తాం అందరికీ దూరంగా కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు మీద దాని సంచి ఉంది. మాస్టరు వెళ్ళి నిలబడ్డాడు.

"ఈ సీటు ఖాళీయేనా?"

"మా నాన్నకి ఆపాను" అంది, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

మాస్టరు కాస్త ముందుకి వంగాడు. "పోయిన వారం మీ నాన్న చాలా పాడుపని చేశాడు. నలుగురిలో మీరెవరో తెలీదన్నాడు. వాడి పరువు తగలెయ్య, సిగ్గుతో చచ్చిపోతున్నాడు."

"అయితే రమ్మనండి" అంది.

ఎలా రావాలో అర్థం కాలేదు. కమ్మీ పట్టుకుని ఊగుతూ అలాగే నిలబడ్డాడు. వెనకెవరో టోపీని చూసి కిసుక్కుమన్నారు. తలొంచుకోబోయి కిటికీ బయటికి చూశాడు. ఒకతను నిలువుటద్దాన్ని సైకిలుకి అడ్డంగా కట్టి మెల్లగా నడిపించుకు పోతున్నాడు. జీవితమంతా నిలువుటద్దం ముందు పనిచేసినవాడే కానీ, అందులో కోట్లు తప్ప ఇంకేదీ చూడలేదెన్నడూ. ఈ అద్దం నిండా నీలం, తెల్లటి మబ్బులు, ఓ కాకి.

"ఆకాశం!" అని అరిచాడు మాస్టరు. గొంతు పిల్లాడి గొంతులా కీచుమంది. "అదిగో! సైకిలు మీద ఆకాశాన్ని తీసుకుపోతున్నాడు!"

బస్సంతా ఒక్కసారి అటు ఒరిగింది. ముసలాయన, "ఏదీ, ఏదీ?" అంటూ సీట్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు అద్దాన్ని చూసో తనని చూసో మాస్టరుకి తెలియలేదు. ఒళ్ళంతా సిగ్గుతో మండుతోంది. ఆ మంటలోనే, ఎక్కణ్ణుంచి వచ్చిందో, పట్టరాని సంతోషం.

బొత్తాం సైకిలు కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత తలెత్తి అతని నెత్తి వైపు చూసింది.

"నాన్నా, టోపీ తిరగేసి పెట్టుకున్నావు."

నిజమే. కుట్లన్నీ పైకే ఉన్నాయి. అంత గొప్ప మాస్టరూ వీధి పొడుగునా, బస్సు పొడుగునా టోపీని తిరగేసి పెట్టుకుని తిరిగాడు. సరిచేసుకుందామని చెయ్యెత్తాడు గానీ, ముందు కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

బొత్తాం సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.