నజీర్ కాక కుడిచెయ్యి

మా క్వార్టర్ల లైనులో ఎవరింట్లో దావతైనా యాటను, మేకైనా గొర్రెయినా, కోసేది నజీర్ కాకే. బొగ్గుబాయిలో రిటైరయ్యాక కూడా ఆ పని మానలేదు. మేం హిందువులమే అయినా, ఆయన కత్తి పడని మాంసం మమ్మల్ని కన్న అవ్వ కనకవ్వ ముట్టదు. "ఒక్కపారి కత్తి గుంజితె అయిపాయె. జీవి గోసపడది" అంటుంది.

ఈమధ్య కాక గోదావరిఖని చౌరస్తాలో హాట్ డాగ్ బండి పెట్టాడు. కోళ్లను తనే కోసి, ఆ కీమాతో పొడుగు సాసేజీలు చేసి, బన్నులో పెట్టి అమ్మేవాడు. హలాల్ అని బోర్డు కూడా రాయించాడు. పేరులో ఈ కుక్క ఎందుకని అడిగాను.

"పొడుగు కుక్క లెక్కున్నదని అమెరికాల ఎవరో ఎక్కిరించిన్రట శోభా. అక్కడ యూదులు సుత మా లెక్కనే, వాళ్ల పద్ధతిల కోసిందే తింటరట. అయినా పేరు మాత్రం గదే" అని నవ్వాడు.

ఎదురుగా మా తమ్ముడు వీరేందర్‌ది మిర్చి బండి. గిరాకీ తగ్గేసరికి వాడి కడుపు మండింది. కాక కుక్కమాంసం అమ్ముతున్నాడని అందరి ఫోన్లకూ పంపాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. అది అబద్ధమని వాడికి తెలుసు.

సాయంత్రానికి గుంపు వచ్చి బండిని బోర్లించింది. కాగే నూనె కాక కాళ్ల మీద పడింది. వీరేందర్ ఆయన కుడిచేతిని రోడ్డుకేసి తొక్కిపట్టి ఇనుపరాడ్‌తో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. అడ్డంపోతే ఎవడో నా డొక్కలో తన్నాడు.

"వీరూ, నిన్ను తొట్టెలల ఏసిన్నాడు దావతుకు కోసింది గీ చెయ్యేరా" అన్నాడు కాక.

వాడు మళ్లీ కొట్టాడు.

బెయిలు మీద బయటికొచ్చి, సిగ్గులేకుండా కొడుకు పుట్టువెంట్రుకల దావతు పెట్టుకున్నాడు. యాటను కోయడానికి లైనులో ఒక్కరూ రాలేదు. అవ్వ కత్తి తెచ్చి వాడి ముందు పడేసింది.

"కోసే చెయ్యి ఇరగ్గొట్టినవ్ గదా. ఇగ నువ్వే కొయ్యి."

వాడు కోస్తే మెడ సగమే తెగింది. యాట తాడు తెంపుకుని, నెత్తురు చిమ్ముతూ విస్తర్ల మీదుగా పరుగెత్తింది. నా చంకలోని మేనల్లుడి కొత్త గుండంతా నెత్తురైంది. వీరేందర్ వెంటపడి పొడుస్తూనే ఉన్నాడు. అది చాలాసేపు అరిచింది. చుట్టాలు లేచి వెళ్లిపోయారు. కొడుకును ఎత్తుకోబోతే పిల్లాడు నా మెడను కరుచుకుని, తండ్రిని చూసి గుక్కపట్టాడు.

అవ్వ ఎవరినీ ఓదార్చలేదు. పప్పూ అన్నం గిన్నెలో సర్దుకుని దవాఖానకు బయల్దేరింది. కాకకు ఎవరో ఒకరు కలిపి తినిపించాలి కదా.