దవాఖాన గడప

పెళ్ళయ్యాక తొలి ఆషాఢం. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదని నన్ను గౌలిగూడలోని పుట్టింటికి పంపించారు. కానీ మామయ్యకు నాంపల్లిలో డయాలసిస్ ఆగదు కదా. ఆయనకు తోడుగా నేను లోపల కూర్చుంటే, అత్తమ్మ గేటు బయట చాయ్ బండి పక్కన కూర్చునేది. దవాఖానకూ గడప ఉంటుందని ఆమె వాదన. నాకు నవ్వొచ్చేది. గన్‌ఫౌండ్రీ బ్యాంకులో పనిచేసే మా ఆయన జితేందర్‌కు వీలైనప్పుడు ఆబిడ్స్‌లో ఇద్దరం ఒకే గ్లాసులో ఫలూదా తాగేవాళ్ళం. మొగుణ్ణి దొంగచాటుగా కలవడం ఎంత బాగుంటుందో!

శ్రావణంలో అత్తమ్మ కిడ్నీ మామయ్యకు పెట్టాలి. చివరి స్కాన్ ఒక్కటే మిగిలింది.

ఆ స్కాన్‌లో తేలిన సంగతి డాక్టర్ మంచం దగ్గరికే వచ్చి చెప్పింది. ఏళ్ళ తరబడి చెడిపోయి ఉన్న కిడ్నీల్లో నీటి బుడగలు పుడతాయట, ఒక్కోసారి వాటిలోనే క్యాన్సర్ మొదలవుతుందట. మామయ్య ఎడమ కిడ్నీలో గడ్డ ఉంది, కాస్త పెద్దదే. ముందు దాన్ని తీసేయాలి. కొత్త కిడ్నీని ఒళ్ళు తోసేయకుండా ఇచ్చే మందులు రోగాన్ని ఎదుర్కొనే శక్తిని తగ్గిస్తాయి, ఎక్కడైనా క్యాన్సర్ మిగిలి ఉంటే పెరిగిపోతుంది. కాబట్టి కిడ్నీ మార్పిడి రెండేళ్ళయినా ఆగాలి.

ఆమె వెళ్ళాక మామయ్య ట్యూబులో పోతున్న రక్తాన్ని చూస్తూ ఉండిపోయాడు.

"మీ అత్తకు చెప్పకు బిడ్డా," అన్నాడు. "ఇంకో ఆపరేషన్ నాతోని కాదు. ఈ సూదులే చాలు. ఎన్ని దినాలు నడుస్తదో గిట్లనే నడవనీ."

నేను సరేననలేదు. బయటికి వెళ్ళి డాక్టర్ చెప్పింది, మామయ్య అన్నది, అంతా అత్తమ్మకు చెప్పేశాను. ఆమె కొంగు సర్దుకుని లేచి నాకంటే ముందు మెట్లెక్కింది.

"ఆషాఢం కదనే, కోడలుండంగ లోపలికెందుకొచ్చినవ్?" అన్నాడు మామయ్య.

"బయట కూసోని కూసోని నడుం పట్టింది." అత్తమ్మ స్టూలు లాక్కుంది. "గడ్డ తీపిచ్చుకోన్రి. నా కిడ్నీ ఏడికి పోతది? అప్పటిదాంక నాకు షుగర్ గిట్ల రాకుంట నేను చూస్కుంట."

"ఇంకో రెండేండ్లు మిషన్ మీదనా, అహల్యా?"

"నేను గేటు కాడ కూసుంటలేనా?"

మామయ్య కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాం. మిషన్ ఒకసారి కూత పెట్టి ఊరుకుంది.

"జర డాక్టరమ్మను పిలువు బిడ్డా," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "తారీఖు అడుగుదాం."