బల్లకింద బోర్డు

నేను ఒక నల్ల రేకుపెట్టెని. ఇంతకాలమూ నాలో పెట్టినవాళ్ళే గాని నాకు పెట్టినవాళ్ళు లేరు. మూత ఉంది గాని మూతి లేదు. అందుకే ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు.

పుట్టింది ఓ కంటోన్మెంటు బజారులో. సుత్తిదెబ్బలు తిని పెట్టెనయ్యాను. గొర్లె అసిరినాయుడనే సిపాయి నన్ను కొని, ఆరోజే నా నుదుట తెల్లరంగుతో నంబరు, హోదా, పేరు రాయించాడు. సైన్యంలో అది ఆచారం. ఆయన నాయక్ అయినప్పుడు భుజంమీది పట్టీలకంటే ముందు మారింది నా నుదుటిరాతే.

తరవాత కొండమీది పోస్టులో ఒక చలికాలం గుళ్ళు పడ్డాయి. దండం పెట్టుకునే గుళ్ళు కావు, దండుమీద పడేవి. పక్క బంకరు పోయింది, అందులోవాళ్ళు పోయారు, నాయుడికి నిద్ర పోయింది. తలుపు ధడేల్మంటే చాలు, మంచంకింద దూరేవాడు. ఆస్పత్రిలో పెట్టి, మందులిచ్చి, చివరికి డిశ్చార్జి చేశారు. బ్యాటరీ డిశ్చార్జి అయితే ఛార్జింగు పెడతారు. మనిషికి మాత్రం రైలుఛార్జీ ఇచ్చి పంపేస్తారు.

శ్రీకాకుళం దగ్గరి ఇంట్లో నాయుడు తన డిశ్చార్జి పుస్తకం తల్లి పైడమ్మకు చదివి వినిపించాడు. "మానసిక వ్యాధి. పుట్టుకతో వచ్చినది. సర్వీసుకు సంబంధం లేదు."

"ఏటీ, పుట్టుకతోనా?" అంది పైడమ్మ. "నానేటి నిన్ను బాంబులేసి కన్నానా? సేర్చుకున్నప్పుడు పళ్ళు సూసినారు, కళ్ళు సూసినారు, బట్టలిప్పించి మరీ సూసినారు. అప్పుడు కనపడనేదేటి?"

"పోనీలేయే అమ్మా."

"పోనీడానికి అదేటి బస్సేటి? ఎల్లి ఆ మాట కొట్టించేసి రా. నువ్వు సెడ్డది నా కడుపులో కాదు, ఆల కొలువులో."

అలా అప్పీలు మొదలైంది. అందులో చిక్కేమిటంటే, దాన్ని విచారించే మెడికల్ బోర్డు ముందు బాగా మాట్లాడితే 'బాగానే ఉన్నాడుగా' అంటారు, తడబడితే 'మొదటినించీ ఇంతే' అంటారు. అందుకని నాయుడు ఒక వాక్యం బాగా, ఒక వాక్యం ఓమోస్తరుగా మాట్లాడటం నా ఎదుట కూర్చుని సాధన చేశాడు.

విచారణరోజున కాగితాలన్నీ నాలో సర్ది నన్ను భుజానికెత్తుకున్నాడు. గేటు దగ్గర సెంట్రీ నా నుదుటిమీది పేరు చదివి వెంటనే నాకు పాసు రాసిచ్చాడు. నాయుడి మీద పేరేమీ రాసిలేదు కనక ఆయన్ని ఎండలో నిలబెట్టాడు.

లోపల పొడుగాటి బల్ల, దాని వెనక బోర్డుకి పెద్దయిన కల్నల్ చక్రపాణి, పక్కన ఒక డాక్టరమ్మ.

"పుట్టుకతో కాదనడానికి ఆధారమేముందండీ?" అని అడిగిందావిడ.

చేరినప్పటి ఆరోగ్యపరీక్ష కాగితం నా అడుగున ఉంది. తీసివ్వబోయిన ప్యూను చేతిలోంచి నా మూత జారింది. ఆ గదిలో అది అచ్చం తుపాకీ పేలినట్టే వినిపించింది.

చప్పుడు ఆగేలోగా నాయుడు బల్లకింద ఉన్నాడు. అక్కడ అప్పటికే ఒకాయన ఉన్నారు. కల్నల్ గారు.

"ఏ కొండ?" అన్నాడు కల్నల్, కాస్త ఊపిరి తీసుకుని.

నాయుడు చెప్పాడు.

"ఆ చలికాలమేనా?"

"అవును సార్."

"కింద రోడ్డు మలుపులో మేముండేవాళ్ళం."

పైనుంచి డాక్టరమ్మ వంగి చూసింది. "సార్, విచారణ వాయిదా వేద్దామా?"

"వద్దమ్మా. జరుగుతూనే ఉంది."

నాయుడు బల్లకిందే వీలైనంత అటెన్షన్లో కూర్చుని, ఎంతో మర్యాదగా అడిగాడు. "తమరికిది పుట్టుకతోనా సార్?"

"ఆ మాట మా అమ్మ వింటే నన్ను కొడుతుంది," అన్నాడు కల్నల్.

డాక్టరమ్మ పాత వాక్యం కొట్టేసి "సర్వీసు వల్ల కలిగినది" అని రాసి, కాగితమూ పెన్నూ కిందికందించింది. నన్ను దగ్గరికి లాక్కుని, నా మూతమీద పెట్టి కల్నల్ సంతకం చేశాడు. అన్ని బోర్డులూ పైనుంచి తీర్పు చెబుతాయి. ఈ బోర్డు కిందినుంచి చెప్పింది.

బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుంటూ కల్నల్ గొంతు తగ్గించాడు. "నాయుడూ, ఆ మూత అంచులకి రబ్బరు అతికించు. మా ఇంట్లో తలుపులన్నిటికీ నేను వేయించాను."

నాయుడు ఇంటికెళ్ళి పాత సైకిలు ట్యూబు కోసి నా అంచుల పొడుగునా అతికించాడు. ఇప్పుడు నాలో పైడమ్మ చీరలుంటాయి. తెల్లారగానే ఆవిడ నన్ను తెరుస్తుంది, చీర తీసుకుంటుంది, మూస్తుంది. పక్కమంచం మీద నాయుడు అటు తిరిగి నిద్రపోతూనే ఉంటాడు.